ఉలవలకు పుంజుకోని కండ

పల్నాడు వెళ్లి నేనొక కాపురం కూల్చి వచ్చానని మా బంధువుల్లో ప్రచారం. పేరంటాల్లో చెప్పుకున్నారు, పెళ్లిపందిళ్లలో చెప్పుకున్నారు, ఆఖరికి కాకినాడలో మా కాలేజీ స్టాఫ్ రూము దాకా వచ్చింది. కథ ఇలా నడుస్తుంది: మా తమ్ముడి కూతురు పద్మ గురజాల దగ్గర అత్తింట్లో కాలు పెట్టింది, మొగుడి కాళ్లు పడిపోయాయి. ఆ పిల్లను పంపేస్తామంటే మేనత్త ఊరుకోక, జువాలజీ పాఠాలు చెప్పుకునే మనిషి గనక నాలుగు ఇంగ్లీషు ముక్కలు మూటగట్టుకుని వెళ్లి, అక్కడ నోరు పారేసుకుని, పచ్చటి సంసారంలో నిప్పులు పోసి వచ్చింది.

మొదటి ముక్క మూఢత్వం. దానికి జవాబు కింద వస్తుంది. రెండో ముక్కలో ఒక కాపురం కూలిన మాట మాత్రం నిజం. కాని వీళ్లు అనుకుంటున్న కాపురం కాదది. కూల్చింది నేనా కాదా అన్నది చదివాక మీరే తేల్చుకోండి. పల్నాడు ముఖం చూడనివాళ్లే ఎక్కువ మాట్లాడుతున్నారు గనక వాళ్లకోసం దారిలో చూసినవి కూడా రాస్తున్నాను.

నేను వెళ్లిన కారణం ఇది. మా తమ్ముడు సాగర్ కాలువల ఆఫీసులో పనిచేస్తూ మాచర్లలో ఉన్న రోజుల్లో, పద్మను వీరయ్యగారి ఒక్కగానొక్క కొడుకు కోటేశ్వరరావుకిచ్చి చేశాడు. వీరయ్యగారు రైతు, అంతకంటే ఎక్కువగా, తిరునాళ్లలో బండలాగే పందేలకు ఎడ్లను తయారుచేసే మనిషి. పెళ్లయి రెండేళ్లు తిరక్కుండా కుర్రాడు నడుస్తూ నడుస్తూ కూలబడటం మొదలైంది. "పిల్ల కాలు మంచిది కాదు, బేస్తవారం పెద్దమనుషుల్ని కూర్చోబెడుతున్నాం, వచ్చి తీసుకుపొండి" అని కబురొచ్చింది. గొడవంటే మా తమ్ముడికి జ్వరం వస్తుంది. వచ్చింది. నేను బయల్దేరాను.

నరసరావుపేట

మా వైపు సముద్రపు గాలికి ఒళ్లు జిగటగా ఉంటుంది. ఇక్కడ గాలి తగిలితే పెదవులు పగులుతాయి. శివరాత్రి వెళ్లి ఎన్నో రోజులు కాలేదు, అప్పుడే రోడ్డు మీద నీడ కోసం జనం గోడలకు అతుక్కుని నడుస్తున్నారు. హోటల్లో ఇడ్లీ మా ఊరికంటే చవక, సైజూ పెద్దదే. పక్కన పోసిన కారప్పొడి చూసి చట్నీ అడిగితే, తెచ్చిన అతను జాలిగా చూశాడు. "గోదారోళ్లా అమ్మా? పంచదార తెమ్మంటారా?" అన్నాడు. నేను ఆ కారప్పొడంతా అద్దుకుని తిని చూపించాను. ఫలితం సాయంత్రం దాకా అనుభవించాను.

కోటేశ్వరరావును చూసిన డాక్టరు ఆ ఊళ్లోనే ఉన్నాడని తెలిసి ముందు ఆయన దగ్గరికి వెళ్లాను. చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు.

"నరాల బలహీనతమ్మా. బీ కాంప్లెక్సు ఇంజక్షన్లు రాశాను. బాగా తిని ఒళ్లు వంచి పనిచేయమన్నాను."

"ఏ పరీక్ష చేసి తేల్చారు?"

ఆయన పెన్ను కింద పెట్టాడు. "మీరు డాక్టరా?"

"కాదు. ఆడపిల్లల చేత కప్పల్ని కోయించేదాన్ని."

నవ్వాడు, పాపం. "మేనరికమా అని అడిగాను, కాదన్నారు. పోలియో కాదు. ఆ పిక్కలు చూశారా మేడం? వస్తాదు పిక్కలు. అంత కండ ఉన్నవాడికి కండ జబ్బేమిటండీ?"

అప్పటిదాకా నా దగ్గరున్నది కోపం ఒక్కటే. ఆ మాటతో భయం వచ్చి చేరింది. మా కాలేజీకి ఆలస్యంగా వచ్చే విదేశీ పత్రికల్లో చదివాను: కొన్ని కుటుంబాల్లో మగవాళ్లకు తొడలూ నడుమూ సన్నగిల్లిపోతూ పిక్కలు మాత్రం ఊరతాయి. చూసేవాళ్లకు అది బలం. కోసి చూస్తే కొవ్వూ, మచ్చకట్టిన పీచూ. ఆ జబ్బుకు మూలమైన జన్యువు జాడ దొరికి రెండు మూడేళ్లు కూడా కాలేదు. పసితనంలోనే పట్టుకునే రకమొకటి, మీసం వచ్చేదాకా ఆగి పట్టుకునే రకమొకటి. రెండూ సాధారణంగా తల్లి నుంచి కొడుక్కి వస్తాయి.

"తల్లి వైపు ఎవరికైనా ఉందేమో అడిగారా?" అన్నాను.

"అడగలేదండీ," అని ఒప్పుకున్నాడు. గుంటూరులో రక్తపరీక్షకు చీటీ రాసిచ్చాడు.

ఎండలోకి వచ్చి నిలబడ్డాను. తల్లి నుంచి. పద్మను విడిపించే మాట అదే. ఇంకొక ఆడదాన్ని కట్టిపడేసే మాట కూడా అదే.

పిడుగురాళ్ల దారి

పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల దుమ్ముకు చెట్లు, కప్పులు, మేకలు అన్నీ ఒకే రంగు. బస్సు నిండా మిరపకాయల బస్తాలు. నా కాళ్ల కింద ఒకటి, ఒళ్లో సగం ఒకటి. పక్క సీట్లో మస్తాన్ అని, ఎడ్లకు నాడాలు కొట్టే ఆయన. నేను ఫలానా వీరయ్యగారింటికని చెప్పగానే నా వైపు తిరిగి కూర్చున్నాడు.

"వాళ్లబ్బాయి పడిపోయిన పందెం కాడ నేనుండా అమ్మా. కోటేసు చెర్నాకోల పట్టి ఎడ్ల పక్కన ఉరుకుతుంటే జనం ఎడ్లని సూళ్లా, వాడి పిక్కల్ని సూశారు. దిష్టి. అంతే. సగం దూరం పోయాక గొడ్డలి పెట్టిన మానల్లే పడ్డాడు."

"దిష్టయితే మొహానికి తగలాలి గాని పిక్కలకు తగులుతుందా?"

"ఎవురు యాడ చూస్తే ఆడ తగులుద్ది," అన్నాడు, అది ఏదో గతిసూత్రం అన్నట్టు. తర్వాత గొంతు తగ్గించాడు. "కోడలి కాలంటన్నారు గాని, నాకు నచ్చలా. నేను కాళ్లు చూసే బతికేవోణ్ణి. ఆ పిల్లకేమైందమ్మా, బంగారం."

ఎడ్ల కాళ్లు చూసే మనిషి ఇచ్చిన ఈ సర్టిఫికెట్టు పద్మకు చెప్పాలనుకున్నాను. ఇంతలో చెమట తుడుచుకోబోయి, మిరప బస్తా మీద పెట్టిన చేత్తో కళ్లు రుద్దుకున్నాను.

ఇక చెప్పేదేముంది. గురజాల దాటి వాళ్ల ఊళ్లో దిగేసరికి నాకు లోకం కనిపించడం లేదు. రెండు కళ్లూ ధారలు కడుతున్నాయి, ముక్కు సరేసరి. వీరయ్యగారింటి గుమ్మంలో అలా నిలబడ్డానో లేదో, పద్మ అత్తగారు నాగరత్నమ్మ "అయ్యో అక్కా!" అంటూ వచ్చి నన్ను పట్టుకుని బావురుమంది. ఆమెను చూసి పద్మ, పద్మను చూసి పొరుగింటి ఆడవాళ్లు. నేను పోట్లాడటానికి వచ్చాను మహాప్రభో, ఇది మిరపకాయ అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. తర్వాత నాగరత్నమ్మ చెంగుతో నా ముఖం తుడిచి, "మజ్జిగతో కడగండి, నీళ్లు తగిలితే ఇంకా మండుద్ది" అంది. నాకు ఆమె నచ్చింది. అది నా దురదృష్టం.

వీరయ్యగారి ఇల్లు

మా ఇళ్లల్లో ముందు గదిలో దేవుళ్లూ తాతముత్తాతలూ ఉంటారు. ఇక్కడ దేవుళ్ల పక్కన ఎడ్లు ఉన్నాయి, కుంకుమబొట్లతో, దండలతో, ఫ్రేములు కట్టించిన ఫొటోల్లో. కొడుకు పెళ్లి ఫొటో లోపలి గదిలో ఉంది. జొన్న రొట్టె, పండుమిరపకాయ పచ్చడి, గోంగూర పప్పు పెట్టారు. మా వైపు కూరలో బెల్లం ముక్క వేస్తామంటే నాగరత్నమ్మ నమ్మలేదు. "జబ్బు చేసినోళ్లకా?" అని అడిగింది.

కోటేశ్వరరావు పీట మీద నుంచి లేవడం చూశాను. పాతికేళ్లవాడు. ముందు రెండు చేతులూ నేల మీద ఆనించాడు. తర్వాత మోకాళ్ల మీద. తర్వాత తొడల మీద ఒక చేతి పైన ఒక చేయి వేసుకుంటూ, తన ఒంటిని తానే నిచ్చెన చేసుకుని ఎక్కినట్టు లేచాడు. నేను చూస్తున్నానని గమనించి నవ్వాడు. "ముసలెద్దు లేస్తన్నట్టుంది గందా పెద్దమ్మా?"

పుస్తకంలో ఆ లేవడానికి బొమ్మ ఉంది. ఆ బొమ్మలో నవ్వు లేదు.

మర్నాడు పొద్దున్నే చప్పుడుకు బయటికి వచ్చి చూస్తే పశువుల దొడ్డి ముందు వీరయ్యగారు కొడుకు భుజాలకు మోకు వేసి, చిన్న బండ కట్టి లాగిస్తున్నారు. పక్కన ఎడ్లకు ఉడకబెట్టిన ఉలవల్లోంచే ఒక గిన్నె కొడుక్కి తీసిపెట్టి ఉంది. అడుగు వేస్తే మోకాలు వెనక్కి తూలుతోంది. "ఆగమాక! ఇంకో బార!" అని వీరయ్యగారు అరుస్తున్నారు. ఆ అరుపులో కోపం ఉందని రాస్తే అన్యాయం. ఎద్దును కూడా ఆయన అలాగే, ప్రాణంగా అరుస్తారు. బండ ఆగాక ఆ మనిషే నేల మీద కూర్చుని, కొడుకు కాళ్లు ఒళ్లో పెట్టుకుని నువ్వులనూనె మర్దన చేశారు. పిక్క చేత్తో పట్టి నాకు చూపించారు.

"చూడండి పంతులమ్మగారా. రాయి. ఇట్టాంటి కండ పెట్టుకుని నడవలేనంటే ఏమనుకోవాల? ఒళ్లొంచటం మానేసి చెడ్డాడు. ఆ పిల్ల లాగనియ్యదు. మోకు దాచుద్ది."

మోకు దాచిన మాట నిజమేనా అని పద్మను అడిగాను. మిరపకాయలు ఆరబోసిన కల్లంలో ఇద్దరం తాలుకాయలు ఏరుతున్నాం. నేను ముక్కుకు తువ్వాలు కట్టుకుని, తను ఏమీ కట్టుకోకుండా.

"నిజమే అత్తయ్యా. పెద్ద బండ లాగించిన రోజున..." అని ఆగింది. "సిగ్గుగా ఉంది చెప్పడానికి."

"ఏమే, నేను క్లాసులో చెప్పని సిగ్గులున్నాయా?"

"ఆయన ఒంటికి పోస్తే నల్లగా వస్తది. చింతపండు పులుసల్లే. రెండు రోజులు అట్టాగే. బండ లాగకపోతే మామూలుగా ఉంటది. నేను చూసుకుంటా ఉన్నా. లాగిన ప్రతిసారీ అంతే. అందుకని మోకు గాదెలో పడేశా."

"ఇది మీ మామగారికి చెప్పావా?"

"మామగారికి ఈ మాట ఎట్టా చెప్తారు అత్తయ్యా!"

అదీ సంగతి. చిట్లిన కండ రక్తంలోకి కారి ఒంటేలులో పోతోంది. దాన్ని కనిపెట్టిన మనిషి కోడలు గనక నోరు విప్పకూడదు. నోరు విప్పలేదు గనక ఆమె కాలు మంచిది కాదు. నాకు ఒళ్లు మండింది, ఈసారి మిరపకాయ వల్ల కాదు.

అరుగు మీద

బేస్తవారం ఇద్దరు పెద్దమనుషులు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఒకాయన మాట్లాడతాడు, ఇంకొకాయన చుట్ట కాలుస్తాడు. మా వైపు ఇలాంటివి గదిలో తలుపులేసుకుని చేసుకుంటాం. ఇక్కడ వీధిలోకే. దారినపోయేవాళ్లు కూడా ఆగి ఒక సలహా ఇచ్చి వెళతారు. పద్మ స్తంభం పక్కన నిలబడింది. దాని పెట్టె సర్ది గుమ్మంలో ఉంది. నాగరత్నమ్మ లోపల, గడపకు అవతల.

వీరయ్యగారు మొదలుపెట్టారు. "పంతులమ్మగారు పుస్తకాలు చదివారు. నేను ఎడ్లని చదివా. బండ లాగితే కండ చిట్లుద్ది. పండబెట్టి ఉలవలు పెడితే రెట్టింపు పుంజుకుంటది. ఈ పిల్ల వాణ్ణి పండబెట్టిందేగాని లాగనియ్యలా. వచ్చిన కాడ్నుంచే వాడు పడ్డం మొదలుపెట్టె. ఇంకేం చెప్పాల?"

"మీరు కండ గురించి చెప్పింది అక్షరాలా నిజం," అన్నాను.

అందరూ నా వైపు చూశారు. నేను ఒప్పుకుంటానని ఎవరూ అనుకున్నట్టు లేదు. మా ఇంట్లోవాళ్లు ఉంటే వాళ్లూ అనుకోరు.

"మీ పత్తి చేలో మొలక రాని చోట ఏం చేస్తారు?"

"మళ్లీ గింజ పెడతాం," అన్నాడు మాట్లాడే పెద్దాయన. "విత్తనం కొంచెం దాచుకుంటాం గందా."

"కండలోనూ దాచిన గింజలుంటాయి. ప్రతి కండ పోగునూ ఆనుకుని చిన్న చిన్న కణాలు పడుకుని ఉంటాయి. కండ చిట్లిన రోజు లేస్తాయి. ఒకటి రెండై, రెండు నాలుగై, చిట్లిన చోట అతుక్కుని కొత్త కండ అవుతాయి. కొన్ని మాత్రం మళ్లీ పడుకుంటాయి, రేపటి కోసం. ఎప్పుడు లేవాలి, ఎన్ని లేవాలి, ఎన్ని మిగలాలి, ఆ ఆజ్ఞలన్నీ పుట్టుకతో వచ్చే జన్యువుల్లో ఉంటాయి. ఎద్దుకూ అంతే, మీకూ అంతే."

"మరి మావోడికి లేవటల్లేదా?" అన్నారు వీరయ్యగారు.

"లేస్తున్నాయి. పాపం అవి లేస్తూనే ఉన్నాయి. కాని పోగు పైపొర చిట్లకుండా పట్టి ఉంచే సరుకు ఒకటుంది, దాన్ని తయారుచేసే జన్యువులో తప్పు ఉందని నా అనుమానం. అందుకని కొత్తగా వచ్చిన కండ కూడా పాతదంత పెళుసు. ఇవాళ మొలిచింది రేపు వాడుతుంది. మళ్లీ గింజ పెట్టు. మళ్లీ వాడుతుంది. మీరు బండ లాగించిన ప్రతి పొద్దూ ఆ గంపలోంచి గుప్పెడు గింజలు పోయాయి. గంప ఖాళీ అయ్యాక చేలో ఏం మొలుస్తుంది?"

"గడ్డి," అన్నాడు చుట్ట కాల్చే ఆయన. ఆయన మాట్లాడింది అదొక్కటే.

"ఆ పిక్కల్లో ఉన్నది గడ్డి. పైకి పచ్చగా ఉందని మీరు పైరనుకున్నారు."

పద్మ చెప్పిన చింతపండు పులుసు సంగతి నేనే చెప్పాను. వీధిలో ఎవరో నవ్వబోయి మానుకున్నారు. వీరయ్యగారు కొడుకు వైపు తిరిగి, "నిజమేనంట్రా?" అన్నారు. కోటేశ్వరరావు తల ఊపాడు. "నాకెందుకు చెప్పలేదురా?" "చెప్తే ఇంకా గట్టిగా లాగమంటావని," అన్నాడు వాడు.

వీరయ్యగారు తన అరచేతులు చూసుకున్నారు. వాదనలో గెలవడం అంటే నాకు ఇష్టం, దాచేదేముంది. ఆ గెలుపు మాత్రం నోట్లో చేదుగా దిగింది.

అప్పుడాయన అడిగారు. "ఈ తప్పు యాడ నుంచి వచ్చింది? మా తాతల్లో ఎవురికీ లేదే."

జవాబు నా నాలుక మీద ఉంది. గడప అవతల నాగరత్నమ్మ చీర అంచు కనిపిస్తోంది. "ఎక్కణ్ణించైనా రావచ్చు. ఎవరి తప్పూ కాదు," అన్నాను. నా జన్మలో అంత చప్పటి వాక్యం చెప్పి ఎరగను.

"మా తమ్ముడు," అంది నాగరత్నమ్మ.

గడప దాటి వచ్చింది. పిలిస్తే తప్ప పెద్దమనుషుల ముందు ఆ ఇంటి ఆడవాళ్లు నిలబడరని ఆమె అడుగు వేసిన తీరులోనే తెలిసింది.

"మా రామకోటి. వాడియ్యీ ఇట్టాంటి పిక్కలే. మా నాయన చానా మురిసేవోడు. సాగర్ డ్యాం కాడ రాళ్లు మోసి నడుం చెడిందనుకున్నాం. కాదు, ఈ నేల నీళ్లు తాగి వచ్చిన జబ్బన్నారు. ముప్పైల్లో దేకాడు. ఆనక గుండె ఆగిపోయింది. కోటిగాడు మెట్టు ఎక్కతా తొడ మీద చెయ్యేసిన రోజే నాకు తెలిసింది. ఈ పిల్ల ఈ ఇంట్లోకి రాకముందే. పద్మకి ఈ సంగతితో ఏం సంబంధం లేదు. దాన్ని పంపమాకండి."

పెద్దాయన నా వైపు తిరిగాడు. "అంతేనామ్మా? తల్లి కాడ్నుంచేనా?"

ఇప్పుడు అబద్ధం చెబితే పద్మ పెట్టె గుమ్మం దాటుతుంది. నిజం చెబితే ఏమవుతుందో వీరయ్యగారి ముఖంలో అప్పటికే కనిపిస్తోంది. "సాధారణంగా అంతే," అన్నాను. "కాని అది ఆమె చేసింది కాదు. జన్యువుకు నకలు రాసేటప్పుడు ఎప్పుడో ఎక్కడో తప్పు పడింది. ఆమెకు ఎవరో ఇచ్చారు, తెలియకుండా ఆమె ఇచ్చింది."

చివరి మూడు వాక్యాలు ఎవరూ వినలేదు. పిల్ల తప్పేమీ లేదని తీర్పు చెప్పి పెద్దమనుషులు లేచారు. పద్మ తన పెట్టె తానే లోపలికి తీసుకుపోయింది.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు నాగరత్నమ్మ అన్నం వడ్డించబోయింది. వీరయ్యగారు కంచం మీద చేయి అడ్డం పెట్టారు. ముఖం ఎత్తకుండా, "పద్మా, నువ్వు పెట్టమ్మా," అన్నారు.

మళ్లీ ఆ ఇంట్లో

ఆ పూట నేను ఆయనతో గంటలు గంటలు వాదించాను. నాగరత్నమ్మ తెలిసి దాచిందనే కదా మీ కోపం, చెబితే మీరేం చేసేవారు? "ముందే బండ మానిపిచ్చేవోణ్ణి," అన్నారు. మరి నిన్నటిదాకా కోడలి కాలన్నారే, దానికి క్షమాపణ అడిగారా? "అడగతా. ఆ పిల్ల కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా. ఇది మాత్రం నా కళ్లెదురుగా ఉండొద్దు." ఆ మనిషికి నేను చెప్పినదంతా అర్థమైంది. కణాలు, గింజలు, గడ్డి, అన్నీ. ఎవరి తప్పూ కాదన్న ఒక్క ముక్క అర్థం కాలేదు. తప్పు ఒకరి నెత్తి మీద నుంచి దింపితే ఇంకొకరి నెత్తి వెతికారు. దొరికింది.

కోటేశ్వరరావు దొడ్లో ఎడ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. మోకు విప్పి చుట్ట చుట్టి పక్కన పెట్టారు.

"పెద్దమ్మా, ఎన్నాళ్లు నడుస్తా?"

"తెలీదు నాయనా. బరువులు మానేస్తే ఇంకొన్నాళ్లు. అలాగని మంచం ఎక్కకు, నెమ్మదిగా తిరుగుతూ ఉండు. గుంటూరు వెళ్లి పరీక్ష చేయించుకో, గుండె కూడా చూపించుకో."

ఎద్దు గంగడోలు నిమురుతూ, "వీటికైతే ఇట్టాంటప్పుడు సంతకి తోలతాం," అన్నాడు. నవ్వాడు కూడా. నేను నవ్వలేకపోయాను.

బంధువులకు నచ్చే ముక్క ఒకటుంది, అది కూడా రాసేస్తాను. పద్మను తీసుకుపోవాలని నేను నిజంగానే ప్రయత్నించాను. కోడల్ని ఉంచుతామన్నారు గనక ఇక గౌరవంగా వెళ్లిపోవచ్చు, నీకు ఇంకా ఇరవై రెండేళ్లు, బీఎస్సీ సగంలో ఉంది, కాకినాడలో పూర్తి చేద్దువుగాని అన్నాను.

"ఇప్పుడొస్తే మళ్లీ నా కాలి మీదికే వస్తది అత్తయ్యా మాట. చూశారా, జబ్బని తెలియగానే పోయింది అంటారు."

"అననీ. అనేవాళ్లు వచ్చి అన్నం పెడతారా?"

"పైగా అత్తమ్మని పుట్టింటికి పొమ్మన్నాడు మావయ్య. ఇద్దరం పోతే మా ఆయన్ని లేపేది ఎవరు?" తర్వాత అడిగింది. "మాకు పిల్లలు పుడితే?"

"కొడుకులకు ఆయన నుంచి రాదు. కూతుళ్లందరూ మాత్రం అది మోస్తారు. వాళ్ల కొడుకులకు రావచ్చు."

"అంటే మళ్లీ ఆడదాని నెత్తికే," అంది. ఏడవలేదు. మస్తాన్ ఇచ్చిన సర్టిఫికెట్టు అప్పుడు చెప్పాను. "ఎడ్ల కాళ్లు చూసేవాడికి తెలిసింది గాని..." అని నవ్వింది. ఆ నాలుగు రోజుల్లో పద్మ నవ్వు చూసింది అదొక్కసారే.

మాచర్ల స్టేషను

నాగరత్నమ్మ నాతోపాటే బయల్దేరింది. పుట్టిల్లు మాచర్ల పక్కన. అక్కడ ఇప్పుడున్నది చనిపోయిన రామకోటి భార్య ఒక్కతే. యాభై దాటిన మనిషి, ఒక చేతిసంచితో పుట్టింటికి. గుమ్మం దిగేటప్పుడు కొడుకు తొడల మీద చేతులు వేసుకుంటూ లేచి నిలబడ్డాడు. ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే లేవడం చూడాలి.

నేను మాచర్ల నుంచి గుంటూరు రైలు ఎక్కాలి. మీటరు గేజీ బండి, మా వైపు బండ్ల ముందు బొమ్మలా ఉంటుంది. బయల్దేరే వేళ దానికి తోచిన వేళ. ప్లాట్‌ఫారం బెంచీ మీద ఒకామె సపోటాలు, మరమరాలు అమ్ముతోంది. ఎత్తిపోతల జలపాతం చూసి వస్తున్న కుర్రాళ్లు తడి తలలతో గోల చేస్తున్నారు. నాగరత్నమ్మ నాకు సపోటాలు కొనిపెట్టింది. తిడుతుందేమో, శపిస్తుందేమో అని నేను ఎదురుచూస్తున్నాను. తిడితే బాగుండేది. తిట్లకు నాకు జవాబులొచ్చు.

"అక్కా," అంది చివరికి. "ఆ తప్పు నాలోనూ ఉందంటిరి. మరి నేనెట్టా నడుస్తన్నా? ఇంత బతుకూ కట్టెలు మోశా, కల్లం చేశా."

"ఆడవాళ్లకు ఆ జన్యువు రెండు ప్రతులుంటాయి నాగరత్నమ్మగారూ. ఒకటి చెడినా ఇంకొకటి పని నడిపిస్తుంది. మగవాడికి ఉండేది ఒక్కటే. మీరిచ్చినదే."

"అంటే నా కండలో పడుకున్న గింజల్లో మంచియ్యి ఉండాయి."

"ఉంటాయి."

"ముసలిదాన్నయినా?"

"తగ్గుతాయి. ఉంటాయి."

ఆమె చీర మీద నుంచి తన తొడను చేత్తో నొక్కి చూసుకుంది, సంతలో గుమ్మడికాయను నొక్కినట్టు. "అయితే ఇందులోంచి తీసి వాడి తొడలో నాటరా? మా చేలో విత్తనం చాలకపోతే పక్క చేలో అడిగి తెచ్చుకోమా?"

రైలు కూసింది. నేను ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. జవాబు కోసం ఆమె కిటికీ ఊచ పట్టుకుని బండి కదిలేదాకా నిలబడింది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ప్రశ్న అడిగిన విద్యార్థిని అలా వదిలేసి రావడం నాకు ఎప్పుడూ జరగలేదు.

గుంటూరు పరీక్షలో నేను అనుకున్నదే తేలిందని పద్మ రాసింది. వీరయ్యగారు ఎడ్లను అమ్మేశారట. భార్యను తీసుకురావడానికి మాచర్ల మాత్రం వెళ్లలేదట. ఇదీ కూలిన కాపురం. కోడల్ని నిలబెట్టి అత్తగారిని సాగనంపిన ఘనత నాదని ఎవరైనా అంటే ఈసారి నేను వాదించను.

వచ్చిన దగ్గర్నుంచి పత్రికలు వెతుకుతున్నాను. ఒక ఒంటి కండ కణాల్ని ఇంకొక ఒంట్లో నాటడం ఎలుకల్లో ప్రయత్నిస్తున్నారట. నాటినవి మనిషిలో పాతుకుంటాయో లేదో, పరాయి ఒళ్లు వాటిని ఉండనిస్తుందో లేదో, అక్కడ వాటిని లెమ్మనే ఆజ్ఞ ఎవరిస్తారో ఇంకా ఎవరికీ తెలియదు. నేను కాపురాలు కూల్చేదాన్నని అనేవాళ్లు అనుకోండి. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే మాత్రం ఆ కిటికీ దగ్గర నిలబడ్డ మనిషికి చెప్పండి: తప్పూ, ఆ తప్పు లేని గింజా ఒకే తల్లి ఒంట్లో పక్కపక్కనే పడుకుని ఉంటే, కొడుకు దాకా వెళ్లడానికి మొదటిదానికి దారి ఉండి, రెండోదానికి ఎందుకు లేదు?